చిరాకు చెవి దగ్గర మొదలవుతుంది

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో గాజువాక బస్సు ఎక్కేవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. ముందు సీట్లో ఒకావిడ ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోన్‌లో సీరియల్ పెట్టుకుని ఉంటుంది. అందులో అత్తగారు ఏడుస్తూ ఉంటుంది, లేకపోతే కోడల్ని ఏడిపిస్తూ ఉంటుంది. నాలుగు వరసల వెనక కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయనకి ఆ ఫోను కనపడదు. ఆ నటి మొహం ఎలా ఉంటుందో, చీర ఏ రంగుదో ఆయనకి తెలీదు. అయినా ఎన్‌ఏడీ జంక్షన్ దాటేలోపు ఆయన ఓపిక అయిపోతుంది. "అమ్మా, కాస్త సౌండు తగ్గించీ. ఆవిడ యాక్షన్ భరించలేకపోతన్నాం" అంటాడు.

చూడని యాక్షన్ మీద చిరాకు! నవ్వొచ్చే మాటే గానీ, ఫలానా నటుణ్ణి "చూస్తే ఒళ్ళు మంట" అని జనం అన్నప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. మంట పుట్టేది వింటే. నోటికి మాత్రం "చూస్తే" అనే వస్తుంది.

చిరాకునీ చెడ్డ నటననీ ఒకే గాటన కట్టడం వల్ల ఈ విషయం మరుగున పడిపోతుంది. నటన రానివాళ్ళు తెర మీద కొల్లలుగా ఉన్నారు, వాళ్ళందరి మీదా ఎవరికీ చిరాకు రాలేదు. చెక్కమొహంతో పాతిక సినిమాలు లాగించేసిన హీరోలని కూడా జనం పాటలు బాగున్నాయనో, ఫైట్లు బాగున్నాయనో సర్దుకుపోయి భరించారు. కొందరిని ప్రేమించారు కూడా. (పేర్లు ఇక్కడ అనవసరం. ఒక పేరు రాస్తే ఒక అభిమాన సంఘం లేచి కూర్చుంటుంది.) మరోపక్క నటన బాగా వచ్చినవాళ్ళు, అవార్డులు తీసుకున్నవాళ్ళు కనపడగానే ఛానెల్ మార్చేసే ఇళ్ళు ఉన్నాయి. నైపుణ్యం లేకపోవడమే చిరాకుకి కారణమైతే ఇలా జరగకూడదు.

ఏమీ పలకని మొహం నిజానికి ప్రేక్షకుడికి హాయి. ఖాళీ జాగాని తనే నింపుకుంటాడు. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ళ కిందట చేసిన ప్రయోగం సినిమా చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిందే. మొజూకిన్ అనే నటుడి మొహం షాటు ఒక్కటే తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ ఉన్న షాట్లు అతికించాడు. చూసినవాళ్ళు ఆ ఒకే మొహంలో ఆకలి, దుఃఖం, కోరిక చూసి నటుణ్ణి మెచ్చుకున్నారని చెబుతారు. అక్కడ నటుడు చేసింది ఏమీ లేదు. మన హీరో కొండ మీద నిలబడి సముద్రం వైపు చూస్తుంటే వెనక వయొలిన్ మోగగానే "ఎంత బాధపడుతున్నాడో" అనిపించేదీ అందుకే.

గొంతుకి ఆ వెసులుబాటు లేదు. మాట వినపడిందంటే దానికో స్థాయి, వేగం, ఊరు, కులం, చదువు అన్నీ అంటుకునే వస్తాయి. వినేవాడు నింపుకోవడానికి ఖాళీ మిగలదు. భరతుడు నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విడదీశాడు. అందులో వాక్కు దగ్గరే ఎక్కువ శ్రమ పడాలని, నాట్యానికి శరీరం అదేనని చెప్పాడు. కాకువు అనే పేరుతో గొంతు ఎత్తడం, దించడం, విరవడం గురించి వివరంగా రాశాడు. ఆయన కాలంలో క్లోజప్ లేదు కాబట్టి అలా అన్నాడని అనుకోవచ్చు. క్లోజప్ వచ్చాక కూడా ఆ మాట పెద్దగా మారలేదు.

చెవి కథ వేరు. కంటికి రెప్పలున్నాయి, చెవికి లేవు. నచ్చనిది తెర మీద కనపడితే ఫోన్ వైపు తల తిప్పుకోవచ్చు. వినపడేదాన్ని తప్పించుకోవాలంటే హాల్లోంచి లేచిపోవాలి. పైగా మనిషి చెవి అన్ని ధ్వనులనీ సమానంగా వినదు. సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనులకి అది బాగా చురుకు. పసిపిల్లల ఏడుపులోనూ అరుపుల్లోనూ ఉండే పదును చాలావరకు ఈ పరిధిలోనే ఉంటుంది. అరుపులో ఇంకో గుణం కూడా ఉంది. దాని తీవ్రత సెకనుకి 30 నుంచి 150 సార్ల దాకా హెచ్చుతగ్గులవుతూ గరగరలాడుతుంది. మామూలు మాటలో ఆ గరుకు ఉండదు. ప్రమాదం ముంచుకొస్తోందని పక్కవాడికి తెలియడానికి ప్రకృతి పెట్టిన సైరన్ అది. కామెడీ ట్రాకులో ఒక నటుడు ఏడు నిమిషాలు ఆపకుండా అరుస్తూ ఉంటే మన ఒళ్ళు ఆ సైరన్‌కి ఏడు నిమిషాలు లేచి నిలబడుతుంది. బయటికొచ్చాక "తలనొప్పి వచ్చింది" అంటాం. అది వాడుకగా అనే మాట కాదు, ఉన్నమాటే. కొందరికి నమలడం, జుర్రడం లాంటి చిన్న శబ్దాలే భరించరానివిగా ఉంటాయి. ఆ స్థితికి 2001లో మిసోఫోనియా అని పేరు పెట్టారు. తెర మీద నటుడు భోజనం చేస్తూ డైలాగు చెప్పే సీన్లంటే వీళ్ళకి ఎంత నరకమో ఊహించుకోవచ్చు.

బాల నటుల సంగతీ ఇందులోకే వస్తుంది. ఆరేళ్ళ పిల్లకి అరవై ఏళ్ళ మాటలు రాసిచ్చి, సన్నటి గొంతుతో ప్రతి అక్షరం నొక్కి చెప్పిస్తారు. ఆ పిల్ల తప్పేముంది?

తెలుగు సినిమాలో ఈ చెవి గొడవ మిగతాచోట్ల కంటే ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ మొహం ఒకరిది, గొంతు ఒకరిది కావడం మామూలు. తెలుగు రాని కథానాయిక సెట్లో నిలబడితే కెమెరా పక్కనుంచి సహాయ దర్శకుడు డైలాగు అందిస్తాడు. దీన్ని ప్రాంప్టింగ్ అంటారు. ఆయన మాట విని, దాన్ని తిరిగి పలికే మధ్యలో అర సెకను గడుస్తుంది. ఆ అర సెకనులో ఆమె ఎదుటి పాత్ర మాట వినడం లేదు, పక్కనున్న మనిషి మాట వింటోంది. ఆమె కళ్ళలో ఆ సంగతి కనపడుతుంది. "మీ నాన్న చనిపోయారు" అని చెప్పగానే ఏడుపు రావలసిన మొహం ముందు ఒక్క క్షణం పరీక్ష హాల్లో ప్రశ్న అర్థంకాని విద్యార్థిలా ఆగుతుంది. ప్రేక్షకుడు దీన్ని మాటల్లో పెట్టలేడు. "ఎక్స్‌ప్రెషన్స్ రావు ఆవిడకి" అనేసి ఊరుకుంటాడు.

తరవాత డబ్బింగ్ థియేటర్. చీకటి గదిలో తెర మీద అదే ముక్క మళ్ళీమళ్ళీ తిరుగుతూ ఉంటుంది. డబ్బింగ్ ఆర్టిస్టు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడి, తెర మీది పెదవులని చూస్తూ మాట అతకాలి. ప, బ, మ వచ్చినచోట పెదవులు మూసుకోవాలి. తెర మీద పెదవులు తెరిచి ఉండగా "అమ్మా" అని వినపడితే బండారం బయటపడినట్టే. అందుకని కొన్నిసార్లు అక్కడ రాసిన మాటనే మార్చేస్తారు. సహజంగా ఉన్న వాక్యం పోయి, పెదవులకి సరిపడే వాక్యం వస్తుంది. ఏ మనిషీ మాట్లాడని తెలుగు కొన్ని సినిమాల్లో వినపడడానికి ఇదొక కారణం.

పెదవి, మాట కలవకపోతే అంత ఇబ్బంది ఎందుకో 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. "బ" అనే శబ్దం వినిపిస్తూ, తెర మీద "గ" అంటున్న నోరు చూపిస్తే, చాలామందికి "డ" అని వినపడింది. శబ్దంలోనూ లేదు, పెదవిలోనూ లేదు, మెదడు రాజీ కుదిర్చి మూడో అక్షరం పుట్టించింది. డబ్బింగ్ సరిగా కుదరని సినిమాలో మన మెదడు రెండున్నర గంటలు ఇలాంటి రాజీలే చేస్తూ కూర్చుంటుంది. అలసట రాకేం చేస్తుంది? ఆ అలసటకి మనం ఆ నటి పేరు పెడతాం.

ఆలస్యానికి కూడా లెక్క ఉంది. ప్రసార రంగం వాడే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, మాట పెదవి కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాడు పసిగట్టేస్తాడు. వెనకబడితే 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోడు. ఈ తేడాకి కారణం లోకానుభవమే. మెరుపు ముందు, ఉరుము తరవాత. శబ్దం వెనక రావడానికి మనం పుట్టినప్పటినుంచి అలవాటుపడి ఉన్నాం, ముందు రావడమన్నది ప్రకృతిలో లేదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి తెరకి 34 మీటర్ల దూరంలో ఉన్న సీటుకి తెర వెనక స్పీకరులోని మాట 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. పెద్ద సింగిల్ స్క్రీన్‌లో చివరి వరసలవాళ్ళు ఏ సినిమాలోనైనా నటుల మాటని కాస్త వెనకబడే వింటారు. అప్పటికే పెదవి తప్పిన డబ్బింగ్ అయితే అక్కడ ఇంకా తప్పుతుంది. ఒకే సినిమా మీద నేల టిక్కెట్టుకీ బాల్కనీ టిక్కెట్టుకీ తగువులు రావడానికి ఇది పెద్ద కారణం కాకపోవచ్చు గానీ, కారణమే కాదని అనలేం.

గొంతు అరువైతే చిరాకు తప్పదా అంటే అదీ కాదు. సుమన్‌కీ రాజశేఖర్‌కీ సాయికుమార్ గొంతే. ఇద్దరు హీరోలకి ఒకే గొంతు ఏళ్ళ తరబడి వినపడినా జనానికి అభ్యంతరం లేకపోయింది. 2009లో వచ్చిన అరుంధతిలో సోనూ సూద్ శరీరానికి పి. రవిశంకర్ గొంతు ఎంత అతికిందంటే, ఆ పాత్ర పేరు చెబితే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ అరుపే. అరుపు చిరాకు పుట్టిస్తుందని పైన చెప్పుకున్నాం కదా, మరి అక్కడ ఎందుకు పుట్టించలేదు? ఆ పాత్ర నిజంగా ప్రమాదం కాబట్టి. సైరన్ మోగింది, మంట కూడా ఉంది. మంట లేని సైరన్‌తోనే మనకి పేచీ.

ఇక రంగస్థలం నుంచి వచ్చిన గొంతులు. ఈ ఊళ్ళో నాటకం ఇంకా చావలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది, కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. పోర్టులో, రైల్వేలో, స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగాలు చేస్తూ సాయంత్రాలు రిహార్సల్స్‌కి వెళ్ళేవాళ్ళు తరాలుగా ఉన్నారు. అలాంటి ఒక రిహార్సల్ ఊహించుకోండి. షిఫ్ట్ దిగి స్నానం చేసి వచ్చిన నటుడు తండ్రి పాత్రలో కొడుకుని నిలదీస్తున్నాడు. దర్శకుడు గోడకి ఆనుకుని, "ఆఖరి వరసకి వినపడాలండీ" అంటాడు. నటుడు గొంతు పెంచుతాడు. "మాట విరగాలి" అంటాడు దర్శకుడు. నటుడు "నువ్వు... నా... కొడుకువేనా?" అని మూడు ముక్కలు చేస్తాడు. చెయ్యి భుజం ఎత్తుకి లేస్తుంది. పరిషత్తు పోటీల్లో అది చప్పట్లు కొట్టించే డైలాగే. ఇరవయ్యో వరసలో కూర్చున్నవాడికి అది తండ్రి బాధలాగే చేరుతుంది, దూరం దాన్ని కోసి మామూలు చేస్తుంది.

అదే మనిషిని కెమెరా ముందు నిలబెట్టి, చొక్కాకి జానెడు దూరంలో మైకు పెడితే? ఇరవై వరసలకి కొలిచిన మాట జానెడులో పేలుతుంది. "ఓవరాక్షన్" అంటారు జనం. అతను కొత్తగా ఏమీ ఎక్కువ చెయ్యలేదు. దూరం తగ్గింది, అంతే.

ఈ తగువు తెలుగు టాకీ పుట్టినప్పటినుంచీ ఉన్నదే. 1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి టాకీ భక్త ప్రహ్లాదలో నటించింది సురభి నాటక సమాజం వాళ్ళు. అంటే మన తెర మొదటి మాటే స్టేజి గొంతుతో మాట్లాడింది. పద్యనాటకాల్లో రాగం లాగితే "వన్స్ మోర్" అని కేకలు పడేవి. చనిపోయే పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ పడిపోవలసి వచ్చేది. బళ్ళారి రాఘవ లాంటివాళ్ళు ఇది నటన కాదని, రాగాలు తగ్గించి మాట సహజంగా చెప్పాలని పట్టుబట్టారు. ఆయన 1946లో చనిపోయారు. తగువు మాత్రం తీరలేదు, తీరుతుందనీ అనిపించదు. ఎందుకంటే "బాగా చేశాడు" అనడానికి మన జనంలో సగం మంది కొలబద్ద ఇప్పటికీ ఆఖరి వరసే. మలయాళ సినిమాలు ఓటీటీలో చూసి అలవాటైన కుర్రాడికీ, వాడి తాతకీ ఒకే నటుడి మీద కుదరకపోవడానికి కారణం రుచి ఒక్కటే కాదు. ఇద్దరూ వేర్వేరు దూరాల్లో కూర్చుని చూస్తున్నారు.

డైలీ సీరియళ్ళలో చెవికి తోడు కత్తెర కూడా చేరుతుంది. రోజుకో ఎపిసోడ్ నింపాలి. అందుకని ఒక చెంపదెబ్బకి ఇంట్లో ఉన్న తొమ్మిదిమంది మొహాలూ చూపించి, ప్రతి మొహానికీ ధడేల్‌మని శబ్దం వేస్తారు. నటుడు సెట్లో నోరు తెరిచి నాలుగు సెకన్లు నిలబడితే, ఎడిటింగ్‌లో అది మూడుసార్లు వస్తుంది. మన తిట్లు ఆ నటుడికి పోతాయి, ఆ శబ్దం వేసినాయన ఎవరో మనకి తెలీదు.

ఇక్కడ ఒక చిక్కు ముడి విప్పాలి. చిరాకు పెట్టించే పాత్ర వేరు, చిరాకు పుట్టించే నటన వేరు. సూర్యకాంతం పేరు చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆమె గయ్యాళి అత్తగా ఎంత రాణించిందంటే, తెలుగిళ్ళలో ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారనే మాట స్థిరపడిపోయింది. ఎడమచెయ్యి తిప్పుతూ ఆవిడ గొంతు ఎత్తగానే హాల్లో తిట్లు మొదలయ్యేవి. కానీ ఎవరూ లేచిపోలేదు. ఆవిడ లేని సీన్లు చప్పగా ఉండేవి. గొంతు కటువే, తాళం మాత్రం తప్పదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ సన్నగా దింపి ఏడుపులోకి జారాలో ఆవిడకి తెలుసు. ఆ చిరాకు లెక్కప్రకారం వండి వడ్డించినది.

ఈ తేడా పోయినప్పుడు దెబ్బ నటుల మీద పడుతుంది, ముఖ్యంగా నటీమణుల మీద. బ్రేకింగ్ బ్యాడ్ అనే అమెరికన్ సీరియల్లో మత్తుమందు తయారుచేసే భర్తకి అడ్డుపడే భార్యగా ఆనా గన్ నటించింది. హత్యలు చేసిన భర్త పాత్రని ప్రేక్షకులు నెత్తిన పెట్టుకుని, ప్రశ్నించిన భార్యని అసహ్యించుకున్నారు. ఆ ద్వేషం పాత్ర దగ్గర ఆగక తన మీదికే వచ్చిందని 2013లో ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో రాసుకుంది. ఆ ఏడూ, తరవాతి ఏడూ అదే పాత్రకి ఎమ్మీ అవార్డు తీసుకుంది. అంటే నటనలో లోపం లేదు. మన సీరియళ్ళలో విలన్ వేషాలేసే ఆడవాళ్ళకి బజార్లో తగిలే చూపులకీ దీనికీ తేడా లేదు. అదే గొంతుతో మగ విలన్ అరిస్తే "పవర్" అంటాం, ఆడ విలన్ అరిస్తే "గోల" అంటాం. ఇందులో కొంత చెవి లక్షణం, సన్నటి గొంతు ముందు చెప్పిన చురుకు పరిధిలో ఎక్కువ పడుతుంది. మిగతాది మాత్రం చెవిది కాదు, పెంపకానిది.

చిరాకు తీర్పులు నిలబడేవి కూడా కావు. హాలీవుడ్‌లో చెత్త నటనకి ఇచ్చే రాజ్జీ అవార్డులు 1981లో మొదలైనప్పుడు, ద షైనింగ్ సినిమాకి షెల్లీ డువాల్‌ని చెత్త నటిగా నామినేట్ చేశారు. సినిమా అంతా ఏడుస్తూ, అరుస్తూ, వణుకుతూ ఉంటుంది ఆవిడ. భర్త గొడ్డలి పట్టుకుని వెంటపడుతుంటే మనిషి అలాగే ఉంటుందని అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. 2022లో ఆ నామినేషన్‌ని వెనక్కి తీసుకున్నారు. ఒక ఊతపదం హిట్టయితే నటుడి చేత దాన్నే పాతిక సినిమాల్లో అనిపించి, ఇరవై ఆరోదానికి "వీడికి ఇంకేమీ రాదా" అని విసుక్కునే మన అలవాటుకి అంత విశ్లేషణ అక్కర్లేదు. వంటకం ఒకటే రోజూ పెట్టింది వాళ్ళు, రోజూ తిన్నది మనం.

విశాఖ ప్రేక్షకుడికి మాత్రం పై వాటన్నిటినీ మించిన చిరాకు ఒకటి ఉంది. దాని పేరు సినిమావాళ్ళ భాషలో "శ్రీకాకుళం యాస". వాళ్ళ లెక్కలో పాయకరావుపేట నుంచి ఇచ్ఛాపురం దాకా యాస ఒకటే. తయారీ కూడా తేలిక. వాక్యం మొదట్లో "ఏటి", చివర "బావూ", మధ్యలో ఎక్కడో ఒకచోట దీర్ఘం. పని మనిషికి, వాచ్‌మన్‌కి, తాగుబోతుకి, పోలీస్ స్టేషన్లో తన్నులు తినేవాడికి ఇది తొడుగుతారు. హీరోకి తొడగరు. హీరో ఆ ఊరివాడే అయినా, వాడి తమ్ముడు "ఏటన్నా" అంటున్నా, హీరో మాత్రం పుస్తకంలా మాట్లాడతాడు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మాటలు ఇక్కడివి తీసుకుని క్రియలు వేరేచోటివి పెడతారు. తెర మీద పాత్ర "ఏటి బావూ, ఆడు వెళ్ళిపోయాడు" అంటుంది. ఇక్కడి మనిషి "ఆడెల్లిపోనాడు" అంటాడు. "లేదు" అన్నచోట "నేదు" వస్తుంది. అక్కర్లేదనడానికి "ఒల్లను" ఉంది. "ఇచ్చేయ్, వచ్చేయ్, తినేయ్" అనేవి ఇక్కడ "ఇచ్చీ, వచ్చీ, తినీ" అవుతాయి. ఎంవీపీ కాలనీలో ఇంజనీరు ఇంట్లో కూడా తల్లి "అన్నం తినీరా" అనే అంటుంది. ఈ "ఈ" దీర్ఘాన్ని ఏ కామెడీ నటుడూ పట్టుకున్న పాపాన పోలేదు. ఎందుకంటే అది నవ్వు పుట్టించదు, అది ఉత్త వ్యాకరణం. అసలు యాస అంటే పదాల జాబితా కాదు, నడక. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం దగ్గర నిలబడి వింటే ఆ నడక ఎంత దూకుడుగా ఉంటుందో తెలుస్తుంది. తెర మీద అదే యాస నిద్రమత్తులో ఉన్నవాడిలా సాగుతుంది. అమాయకుడని చూపించాలి కదా మరి.

దీనికి ఆ నటుణ్ణి ఒక్కణ్ణే నిలదీయడం న్యాయం కాదు. నటుడు ముంబై నుంచి వస్తాడు, మాటలు రాసినాయనది భీమవరం, గొంతు ఇచ్చినాయన పెరిగింది చెన్నైలో, పాత్రది మాత్రం సోంపేట. ఇంతమంది చేతులు మారాక యాస ఆ మాత్రం మిగలడమే గొప్ప.

పాత్ర హోదాని బట్టి భాష మార్చడం మన సినిమా కనిపెట్టిందేమీ కాదు. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం మాట్లాడితే, స్త్రీలూ సేవకులూ ప్రాకృతం మాట్లాడాలి. నాట్యశాస్త్రంలోనే ఆ ఏర్పాటు ఉంది. ప్రాకృతం పోయి ఆ కుర్చీలో ఉత్తరాంధ్ర కూర్చుంది. చిత్రమేమిటంటే, వాడుక మాటని తెలుగు నాటకం మధ్యలో నిలబెట్టింది ఈ ప్రాంతమే. గురజాడ కన్యాశుల్కం మొదట ఆడింది 1892లో, ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న విజయనగరంలో. కోర్టు వరండాల్లో సామాన్యుల మాట విని కథల్లోకి తెచ్చిన రావిశాస్త్రి ఈ ఊళ్ళోనే వకీలు. అలాంటి చోట పుట్టినవాడు తన అమ్మ మాట్లాడే భాష తెర మీద ఎప్పుడూ తన్నులు తినేవాడి నోటే వింటుంటే ఆ చిరాకు నటనకి సంబంధించినదిగా మిగలదు.

ఇంకో పొర కూడా ఉంది. పోర్టు, నేవీ, స్టీల్ ప్లాంట్ వచ్చాక ఈ ఊరికి గోదావరి, గుంటూరు, ఒడిశా, ఇంకా ఉత్తరాది మనుషులు వచ్చి చేరారు. ఇక్కడ పుట్టినవాళ్ళు ఇంట్లో ఒక తెలుగు, ఆఫీసులో ఒక తెలుగు నేర్చుకున్నారు. ఇంటర్వ్యూలో "ఏటి" నోట్లోంచి జారకుండా నాలుక కరుచుకున్నవాళ్ళు ఎంతమందో. అంత కష్టపడి దాచుకున్నదాన్ని ఒక నటుడు తెర మీద, అదీ తప్పుగా, బట్టలిప్పి ఆడిస్తుంటే ఎవరికి మండదు?

అందుకే 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చినప్పుడు ఈ ఊళ్ళో కలిగిన ఊరటలో సినిమా బాగుండడం ఒక్కటే కారణం కాదు. అందులో కంచరపాలెం మనుషులే, నటన వృత్తి కానివాళ్ళు, ఎనభై మందికి పైగా నటించారు. కొందరి మొహాల్లో బెరుకు కనపడుతుంది. కొన్ని సీన్లలో చేతులు ఏంచెయ్యాలో తెలియక వేలాడతాయి. నటన పాఠాల ప్రకారం మార్కులు వేస్తే చాలామందికి పాస్ మార్కులు కూడా కష్టం. అయినా చిరాకు పడ్డవాళ్ళు కనపడలేదు. ఆ గొంతులు ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు వినపడవు మరి.

అంతమాత్రాన ఇక్కడి జనం ఆ నకిలీ యాసకి నవ్వరనుకోకండి. జగదాంబ దగ్గర ఏ థియేటర్లోనైనా కూర్చుని చూడొచ్చు. తెర మీద వాచ్‌మన్ "ఏటి బావూ" అని సాగదియ్యగానే హాలంతా గొల్లుమంటుంది. ముందు వరసల్లోంచి ఈల కూడా వస్తుంది. ఇంటర్వెల్ పడ్డాక ఆ ఈల వేసినవాడే క్యాంటీన్ కౌంటర్ దగ్గర గుంపులోంచి చెయ్యి చాపి, "ఏటి బాబూ, ఇంకా అవ్వనేదేటి? రెండు టీలు, బేగిచ్చీ" అంటూ ఉంటాడు.